పాత వీధిలో కొత్త ఇల్లు కట్టిస్తున్నారా, త్రీడీ బొమ్మ ఒక్కటి చూసి అడ్వాన్స్ ఇవ్వకండి

పాతకాలం ఇళ్ల వరుసలో ప్లాట్ కొని మోడర్న్‌గా కట్టించుకుందాం అనుకునేవాళ్ల కోసం ఈ పోస్ట్. మా ఇంటి డిజైనర్ పేరు చెప్పను గానీ ఆయన చూపించిన త్రీడీ చూస్తే ఎవరైనా పడిపోతారు, సాయంత్రపు వెలుతురు, గాజు గోడ, ముందు రెండు చెట్లు. అటూ ఇటూ ఇళ్లేవండీ అంటే "అవి తర్వాత పెడతాం" అన్నాడు. అక్కడే ఆగాల్సింది.

స్లాబ్ వేశాక ఎదురుగా నిలబడి చూస్తే అప్పుడు తెలిసింది. వీధిలో అన్ని ఇళ్ల చూరూ ఒకే గీతలో పోతోంది, మా దగ్గరికొచ్చేసరికి ఎగిరిపడింది. పక్కింటి కిటికీలు సన్నగా నిలువుగా ఉంటే మావి అడ్డంగా, టేపు పెట్టి కొలిస్తే లింటెల్ (కిటికీ పైనుండే అడ్డదూలం) వాళ్లదానికన్నా రెండడుగులు పైన. కారు పెట్టుకోడానికని ముందు గోడ వెనక్కి జరిపాడు, వరుసలో పన్ను ఊడినట్టుంది. ఇదేంటని అడిగితే ఫైబర్ ఆర్చీలు, రెడీమేడ్ స్తంభాలు అతికిద్దాం, హెరిటేజ్ లుక్ వచ్చేస్తుందట! పాత పట్టణాల్ని కాపాడుకోవడం గురించి నిపుణులు రాసుకున్న 1987 వాషింగ్టన్ చార్టర్ (మార్గదర్శక పత్రం) కూడా, చుట్టూ ఉన్నదాంతో కలిసేలా ఉంటే ఈకాలపు కట్టడాలు వద్దనదు. అంటే గాజు పెట్టడం తప్పు కాదు, కొలతలు తప్పాయి. ఇవన్నీ డబ్బులు కట్టేశాక చదివాలెండి.

అసలు దెబ్బ గోడ దగ్గర. పక్కింటితో ఉమ్మడి గోడ, సున్నంతో కట్టిన ఇటుక, దానికి మా వైపు సిమెంట్ ప్లాస్టరింగ్ కొట్టించేశాడు. సున్నం గోడ చెమ్మ పీల్చుకుని మళ్లీ బయటికి వదిలేస్తుంది, ఒకవైపు సిమెంట్‌తో మూసేస్తే ఆ చెమ్మంతా రెండోవైపు పోవాల్సిందే. వానలు తగ్గాక పక్కింటావిడ పిలిచి చూపించారు, మోకాలెత్తు దాకా తెల్లగా ఉప్పు, వేలితో గీస్తే ఇటుక పొడిపొడిగా రాలుతోంది. ఆవిడ ఒక్క మాట అనలేదు, అందుకే ఇంకా సిగ్గేసింది.

కాబట్టి అడ్వాన్స్‌కి ముందే రెండు పక్కలా కనీసం రెండేసి ఇళ్లు కలిపి వీధి ఎలివేషన్ (ఎదురుగా నిలబడి చూస్తే ఇళ్లు కనిపించే బొమ్మ) గీయించుకోండి, చూరు, లింటెల్, ప్లింత్ (నేల నుంచి ఇంటి గచ్చు దాకా ఉండే అరుగు) ఎత్తులు కొలతలతో సహా. గీయనంటే వేరే మనిషిని చూసుకోండి. సున్నం పని ఇంతకుముందు ఎక్కడ చేశారో వెళ్లి చూసి రండి. పాత ఇళ్ల పునాదులు చాలాచోట్ల లోతు తక్కువ, సెల్లార్ అంటే ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చూపించండి, తవ్వకం మొదలెట్టకముందే పక్క గోడలు డేట్‌తో ఫోటోలు తీసి పెట్టుకోండి.

మేం ఇప్పుడు సిమెంట్ చెక్కించి సున్నం పూత వేయిస్తున్నాం, ఖర్చంతా మాదే. ఆ కిటికీలు మాత్రం అలాగే ఉన్నాయి.