ఐదేళ్లు టామోక్సిఫెన్, ఐదేళ్లు లెట్రోజోల్: వాడిన మనిషి సమీక్ష

2014 ఫిబ్రవరి నుంచి 2019 మార్చి వరకు రోజుకు 20 మిల్లీగ్రాముల టామోక్సిఫెన్, అక్కడి నుంచి 2024 మార్చి వరకు రోజుకు 2.5 మిల్లీగ్రాముల లెట్రోజోల్ వాడాను. రొమ్ము కాన్సర్‌కు శస్త్రచికిత్స, కీమో, రేడియేషన్ ముగిసేసరికి నాకు నలభై నాలుగేళ్లు. కీమోతో ఆగిన నెలసరి మళ్లీ మొదలైంది. బయాప్సీ రిపోర్టులో 'ఈఆర్ పాజిటివ్' అని రాసి ఉంది. కణితి కణాల్లో ఈస్ట్రోజెన్‌ను పట్టుకునే గ్రాహకాలు ఉన్నాయని, ఆ హార్మోన్ అందితే అవి పెరుగుతాయని దాని అర్థం. వ్యాధి తిరగబెట్టకపోవడంలో మాత్రల వాటా ఎంతో, కత్తి వాటా ఎంతో నా ఒక్కదాని అనుభవంతో తేలదు కనుక ఆ జోలికి పోను. పదేళ్లు ఒంట్లో తిరిగిన ఈ రెండు మందులు ఏ అవయవంతో ఎలా మెలిగాయో చెబుతాను.

టామోక్సిఫెన్ ఈస్ట్రోజెన్‌ను తగ్గిస్తుందని చాలామంది అనుకుంటారు, మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి అది ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద వేసే తువ్వాలు వంటిది. రొమ్ము కణంలోని గ్రాహకం మీద అది ముందే పడి ఉంటుంది కాబట్టి ఈస్ట్రోజెన్ వచ్చినా కూర్చునే చోటు ఉండదు, కణానికి పెరగమనే ఆదేశం అందదు. చిక్కేమిటంటే, గర్భాశయంలోని కండక్టరు అదే తువ్వాలును ప్రయాణికుడిగా లెక్కించి టికెట్టు కొట్టేస్తాడు. మందు అతుక్కున్నప్పుడు గ్రాహకం ఆకారం మారుతుంది. మారిన ఆ ఆకారాన్ని గుర్తించే సహాయక ప్రోటీన్లు ఒక్కో కణజాలంలో ఒక్కో పాళ్లలో ఉంటాయి. అందువల్ల ఒకే మాత్ర రొమ్ములో అడ్డుపుల్లగానూ, గర్భాశయ లోపొరలో హార్మోన్‌లాగానూ పనిచేస్తుంది. నాకు ఎదురైన మంచిచెడ్డల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

ఈ మందును 1962లో ఇంగ్లండులోని ఐసీఐ అనే రసాయనాల కంపెనీ ప్రయోగశాలలో డోరా రిచర్డ్‌సన్ తయారుచేశారు. అప్పట్లో వారు వెతుకుతున్నది గర్భనిరోధకం కోసం. ఎలుకల్లో గర్భాన్ని ఆపిన ఈ పదార్థం స్త్రీలలో తద్విరుద్ధంగా అండం విడుదలను ప్రేరేపించింది. మెదడులోని హైపోథాలమస్‌లోనూ గ్రాహకాలను ఇది కప్పేయడంతో, ఒంట్లో ఈస్ట్రోజెన్ లేదన్న భ్రమ కలిగి, పీయూష గ్రంథి అండాశయాలను మరింత గట్టిగా తరుముతుంది. నెలసరి ఆగని స్త్రీలలో ఈ మాత్ర వేసుకుంటున్నప్పుడు రక్తంలో ఈస్ట్రోజెన్ పెరగడం కూడా ఉంటుంది. మందు పిండానికి హాని చేయగలదు కాబట్టి హార్మోన్లు లేని గర్భనిరోధం తప్పనిసరి అని డాక్టరమ్మ చెప్పి కాపర్-టీ వేయించారు. నలభై నాలుగేళ్లకు కాపర్-టీ ఏమిటని మా అత్తగారు ఆశ్చర్యపోయారు గానీ, ఆ సలహా సరైనదే.

ఇక ఆవిర్లు. మెడ దగ్గర మొదలై నడినెత్తికి ఎగబాకే వేడి, వెనువెంటనే చెమట, ఆపైన వణుకు. రోజుకు పది పన్నెండు సార్లు. ఒంటి వేడిని అదుపుచేసే కేంద్రం ఈస్ట్రోజెన్ అందడం లేదనుకుని, రవ్వంత వేడికే కిటికీలన్నీ తెరిచేస్తుంది. విశాఖలో దీనితో ఒక అదనపు ఇబ్బంది ఉంది: మే నెలలో సముద్రపు తేమతో ఊరంతా ఉక్కపోతలో ఉన్నప్పుడు ఏ చెమట మాత్రది, ఏ చెమట ఊరిది అన్నది తెలియదు. మాత్రను రాత్రి పడుకునే ముందుకు మార్చుకున్నాక పగలు కొంత తెరిపి కలిగింది. అది నా విషయంలో మాత్రమే కావచ్చు.

ఈ ఆవిర్లతో నిద్ర లేక, తెలిసిన ఒక వైద్యుడి దగ్గరకు వెళితే పారోక్సెటీన్ అనే కుంగుబాటు మందు రాశారు. టామోక్సిఫెన్ వాడుతున్నానని చెప్పినా ఆయన పట్టించుకోలేదు. టామోక్సిఫెన్ స్వతహాగా బలహీనమైన మందు. కాలేయంలోని సీవైపీ2డీ6 అనే ఎంజైము దాన్ని ఎండోక్సిఫెన్‌గా మార్చాకే అసలు బలం వస్తుంది, పారోక్సెటీన్ సరిగ్గా ఆ ఎంజైమునే అడ్డుకుంటుంది. ఆరు వారాలు అలా వాడేశాక మా కాన్సర్ డాక్టరమ్మ చీటీ చూసి, దాన్ని ఎలా మానాలో చెప్పి, ఆ ఎంజైమును పెద్దగా అడ్డుకోని వెన్‌లాఫాక్సిన్‌కు మార్చారు. ఆ ఆరు వారాల సంగతి తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. కొత్త మందు ఏది రాసినా ఈ మాత్రతో పొసగుతుందా అని అడిగి తీరాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చేనాటికి నా దగ్గర మూడు మాత్రలే ఉన్నాయి. కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు, చెట్లు పడి దారులు మూసుకుపోయాయి. కేజీహెచ్ (పెద్దాసుపత్రి) డౌన్‌లోని మందుల దుకాణాల దాకా వెళ్లగలిగేసరికి నాలుగు రోజుల మాత్రలు తప్పాయి. ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని డాక్టరమ్మను అడిగితే, ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికే ఐదు నుంచి ఏడు రోజులు పడుతుందని, దాని నుంచి పుట్టే ముఖ్య పదార్థానికి దాదాపు రెండు వారాలు పడుతుందని, తప్పిన మాత్రలను కలిపి ఒకేసారి మింగవద్దని చెప్పారు. ఆనాటి నుంచి ఇంట్లో నెల రోజుల మాత్రలు అదనంగా ఉంచుకున్నాను.

మూడో ఏడు నెలసరుల మధ్య రక్తపు మరకలు కనిపించాయి. స్కానింగులో గర్భాశయ లోపొర మందం 14 మిల్లీమీటర్లు ఉంది. లోపలికి చూసి తీసిన ముక్క కాన్సర్ కాదు, మామూలు పాలిప్ (చిన్న కండ పెరుగుదల) అని తేలేదాకా తొమ్మిది రోజులు ఇంట్లో ఎవరం సరిగ్గా తినలేదు. గర్భాశయ కాన్సర్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం ఈ మందుతో అరుదే అయినా నిజమైన ముప్పులు. మరక కనిపించినా, ఒక్క పిక్క వాచినా ఆ రోజే వెళ్లాలి.

ఏడాదికి పైగా నెలసరి రాకపోయినా, అంతమాత్రాన లెట్రోజోల్‌కు వెంటనే మార్చలేదు. టామోక్సిఫెన్ వల్లనే నెలసరి ఆగి ఉండవచ్చు కనుక రక్తంలో ఎస్ట్రాడియోల్ (ముఖ్యమైన ఈస్ట్రోజెన్), ఎఫ్‌ఎస్‌హెచ్ (పీయూష గ్రంథి అండాశయాలను తరిమే హార్మోన్) చూశాకే మార్చారు. లెట్రోజోల్ పని వేరు, సీటు దాకా రానివ్వకుండా ప్రయాణికుడు అసలు ఊళ్లో బయల్దేరకుండా చేయడం. నెలసరి ఆగాక కొవ్వు, కండరాల్లోని ఆరోమటేజ్ అనే ఎంజైము అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే పురుష హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. ఈ మాత్ర ఆ ఎంజైమును మూసేస్తుంది. అండాశయాలు చురుగ్గా ఉన్న వయసులో దీన్నొక్కదాన్నే ఇస్తే మెదడు వాటిని ఇంకా రెచ్చగొడుతుంది. అనకాపల్లిలో ఉన్న మా అక్క కూతురికి పిల్లల కోసం ఐదు రోజులు ఇదే మాత్ర రాస్తే, "పిన్నీ, నీ కాన్సర్ మందు నాకెందుకు రాశారు?" అని హడలిపోయి ఫోను చేసింది. ఆ రెచ్చగొట్టడమే దాని విషయంలో వైద్యం.

గర్భాశయం గొడవ లెట్రోజోల్‌తో లేదు. దాని బదులు కీళ్లు పట్టుకున్నాయి. పొద్దున్నే వేళ్లు ముడుచుకోక కాఫీ గ్లాసు రెండు చేతులతో ఎత్తుకున్న రోజులున్నాయి. సాగరతీరంలో అరగంట నడిచాక సడలేవి. ఎముకల సాంద్రతను ఆరోగ్యవంతులైన యువతుల సగటుతో పోల్చి చెప్పే టీ-స్కోరు రెండేళ్లలో మైనస్ 1.2 నుంచి మైనస్ 2.1కి పడిపోయింది, ఎందుకంటే ఎముకను తినే కణాలకు ఈస్ట్రోజెన్ వేసే పగ్గం తెగిపోయింది. కాల్షియం, విటమిన్ డి, ఆరు నెలలకొక జోలెడ్రోనిక్ ఆమ్లం సూదిమందుతో పతనం ఆగింది. ఈ మాత్ర మొదలుపెట్టే ముందే ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీయించుకోవాలి. నాకు అది నేను అడగకుండానే తీయించారు, అందుకే తేడా పట్టుబడింది.

భరించడం మటుకు చూస్తే నేను టామోక్సిఫెన్ వైపే మొగ్గుతాను, ఆ తొమ్మిది రోజులను లెక్కలో వేసుకుని కూడా. లెట్రోజోల్ ఆపిన రెండో నెలకు వేళ్లు వదులయ్యాయి. ఆవిర్లు పూర్తిగా పోవడానికి ఇంకొంత కాలం పట్టింది. మొన్న మేలో చెమట పట్టి మెలకువ వచ్చినప్పుడు లేచి కూర్చున్నాను. పక్కన మావారు కూడా తడిసిపోయి విసనకర్ర వెతుక్కుంటున్నారు, కరెంటు పోయింది.