అపాచీ వెబ్ సర్వర్: అరిచి చెప్పే తప్పులు, నోరు మెదపని తప్పులు

సైట్ల పేజీలను బ్రౌజర్లకు పంపే ప్రోగ్రాము అపాచీ. అది పాడైతే ఊరికే ఉండదు. ఏ ఫైల్లో, ఎన్నో లైను దగ్గర, ఏ మాట అర్థం కాక ఆగిపోయిందో చెప్పి మరీ ఆగుతుంది. అందుకే అది లేవలేదంటే నాకు పెద్దగా టెన్షన్ ఉండదు. చక్కగా లేచి, ‘యాక్టివ్, రన్నింగ్’ అని పచ్చ అక్షరాల్లో చూపిస్తూ, మనం రాసిన సెట్టింగుల్లో కొన్నిటిని చూడనట్టు వదిలేసిందా, అప్పుడు మొదలవుతుంది అసలు తలనొప్పి. ఏళ్ల తరబడి వాడాక ఈ సర్వర్ మీద నా అభిప్రాయం ఇంతే. మిగతాదంతా దీనికి వివరం.

కర్నూలులో చిన్న సంస్థలకు వెబ్‌సైట్లు, బిల్లింగు ప్రోగ్రాములు పెట్టిచ్చి, తర్వాత వాటిని చూసుకునే పని నాది. డిగ్రీ కాలేజీలు, ఎరువుల షాపులు, ఆదోనిలో జిన్నింగ్ మిల్లు, ఎమ్మిగనూరులో చీరల వ్యాపారం, ఇట్లాంటివి. అపాచీ 2.2 రోజుల్లో మొదలుపెట్టాను. 2012లో 2.4 వచ్చింది, ఇప్పటికీ ఆ వరుసే నడుస్తోంది. నంబరు మారలేదు కదా అని ఏమీ మారలేదనుకోవద్దు. దాని చుట్టూ ఉన్న ఉబుంటు (మెషీన్ నడిపే లినక్స్), పీహెచ్‌పీ (సైట్లు రాసే భాష) మారుతూనే ఉన్నాయి. గొడవలన్నీ అవి కలిసే చోటే.

ముందు విండోస్ సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే కాలేజీ ల్యాబుల్లో అందరూ జాంప్‌తోనే (అపాచీ, పీహెచ్‌పీ, డేటాబేస్ కలిపి ఇచ్చే ప్యాకేజీ) మొదలుపెడతారు. స్టార్ట్ నొక్కితే ఒక్క క్షణం వెలిగి ఆరిపోతుందా, నూటికి తొంభైపాళ్లు పోర్టు 80 (వెబ్ సర్వర్ జనం కోసం కాచుకునే తలుపు నంబరు) ఖాళీగా లేదని అర్థం. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘నెట్‌స్టాట్ -ఏఎన్ఓ’ కొట్టి, 80 ఎదురుగా ఉన్న ప్రాసెస్ నంబరు చూడాలి. అక్కడ 4 అని ఉంటే అది విండోస్ ‘సిస్టమ్’. చాలాసార్లు వెనక మైక్రోసాఫ్ట్ సొంత వెబ్ సర్వర్ ఐఐఎస్ తాలూకు ‘వరల్డ్ వైడ్ వెబ్ పబ్లిషింగ్ సర్వీస్’ నడుస్తుంటుంది. సర్వీసెస్‌లోకి వెళ్లి దాన్ని ఆపితే సరి, లేదంటే అపాచీ లిజన్ లైన్లో 8080 రాసుకుంటే సరి. ‘వీసీరన్‌టైమ్140 డీఎల్ఎల్ లేదు’ అని వస్తే మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ వేసుకోవాలి. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లో ఇన్‌స్టాల్ చేయొద్దని జాంప్ ముందే హెచ్చరిస్తుంది, ఎవరూ చదవరు. నేర్చుకోవడానికి జాంప్ బాగుంది. దాని మీద కస్టమర్ సైటు నడపడం మాత్రం నాకు ఇష్టం ఉండదు.

ఉబుంటులో ఇన్‌స్టలేషన్‌కు ఒక్క కమాండ్ చాలు. ఇంటర్నెట్ బాగుంటే టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలు నాకు ఫోన్ చేసేది దాని తర్వాతే. ‘అన్నా, ఏహెచ్00558 అని ఎర్రర్ వస్తోంది, ఫుల్లీ క్వాలిఫైడ్ డొమైన్ నేమ్ అంటోంది’ అని. అది ఎర్రరే కాదు, మందలింపు. కాన్ఫిగ్‌లో, అంటే సెట్టింగుల ఫైల్లో, ‘సర్వర్‌నేమ్ లోకల్‌హోస్ట్’ అని ఒక లైను రాస్తే పోతుంది, రాయకపోయినా సర్వర్ నడుస్తుంది. నిజంగా లేవనప్పుడు స్క్రీన్ మీద కనిపించే ‘జాబ్ ఫర్ అపాచీ2 సర్వీస్ ఫెయిల్డ్’ అన్న మాట అపాచీది కాదు, లినక్స్‌లో సర్వీసులను లేపి ఆపే సిస్టమ్‌డీది. దాన్ని పట్టుకుని వెతికితే ఏమీ దొరకదు. ‘అపాచీసీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్’ కొట్టాలి. అప్పుడు అపాచీ సొంత గొంతు వినిపిస్తుంది. అది ‘సింటాక్స్ ఓకే’ అన్నాక కూడా లేవకపోతే ‘జర్నల్‌సీటీఎల్ -యూ అపాచీ2’ కొట్టి సిస్టమ్‌డీ దాచిన జర్నల్ చూడాలి, ఎర్రర్ లాగ్ కూడా తెరవాలి. పోర్టును ఇంకో ప్రోగ్రాము, మన వైపు చాలాసార్లు ఎవరో ఎప్పుడో వేసి మర్చిపోయిన ఇంజన్‌ఎక్స్ అనే ఇంకో వెబ్ సర్వర్, పట్టుకుని ఉన్న సంగతి కాన్ఫిగ్‌టెస్ట్‌కు తెలియదు. ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’ అన్న మాట ఆ జర్నల్‌లోనే ఉంటుంది. ‘ఎస్ఎస్ -ఎల్‌టీఎన్‌పీ’ కొడితే పట్టుకున్నదెవరో పేరుతో సహా బయటపడుతుంది.

మాడ్యూళ్ల (అపాచీకి అవసరాన్ని బట్టి తగిలించే అదనపు భాగాల) విషయంలో దానికి నేను మంచి మార్కులే వేస్తాను. మాడ్యూలు ఎక్కించకుండా దాని సెట్టింగు రాస్తే, ‘ఇన్‌వ్యాలిడ్ కమాండ్’ అని ఆ మాటను ఎత్తి చూపించి, ‘స్పెల్లింగ్ తప్పై ఉండాలి, లేదా ఈ సర్వర్లో లేని మాడ్యూలుదై ఉండాలి’ అని కారణం కూడా చెబుతుంది. రీరైట్‌ఇంజన్ దగ్గర ఆగితే రీరైట్ మాడ్యూలు కావాలి, హెడర్ దగ్గర ఆగితే హెడర్స్, ఎస్ఎస్ఎల్‌ఇంజన్ దగ్గర ఆగితే ఎస్ఎస్ఎల్. ‘ఏ2ఎన్‌మోడ్’ తర్వాత ఆ పేరు కొట్టి రీస్టార్ట్ చేస్తే పని అయిపోతుంది. ఆర్డర్, ఆలో, డినై అన్న పాత మాటల దగ్గర ఆగితే ఆ ఫైలు 2.2 కాలంనాటిదని అర్థం. 2.4లో వాటి స్థానంలో ‘రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్’ వచ్చింది. యాక్సెస్_కంపాట్ మాడ్యూలుతో పాతవాటిని నడిపించవచ్చు కానీ, కొత్త మాటలూ పాత మాటలూ ఒకే చోట కలిపితే ఎవరికి తలుపు తెరుచుకుంటుందో ఊహించడం కష్టం. మార్చేయడమే మేలు.

ఇంకో రకం తప్పు కూడా ఉంది, దానికి మూలం వాట్సాప్. ఎవరో కాన్ఫిగ్ లైన్లను మెసేజ్‌లో పంపుతారు, ఎక్కడో ఒకచోట కోట్ గుర్తులు వంకర కోట్లుగా మారిపోతాయి. చూడ్డానికి అన్నీ సరిగ్గానే ఉంటాయి, అపాచీ మాత్రం ఒప్పుకోదు. ఆ లైన్ చెరిపేసి చేత్తో మళ్లీ టైపు చేయమని చెబుతాను. నమ్మరు, చేశాక నవ్వుతారు.

ప్రాక్సీ దగ్గర, అంటే వచ్చిన అభ్యర్థనను అపాచీ వెనక నడిచే ఇంకో ప్రోగ్రాముకు అందించే చోట, సందేశం అంత సూటిగా ఉండదు. ఒక్క ప్రాక్సీ మాడ్యూలు ఎక్కిస్తే ప్రాక్సీపాస్ లైను ఒప్పుకుంటుంది, సర్వర్ లేస్తుంది, బ్రౌజర్లో మాత్రం 500 వస్తుంది. లాగ్‌లో ‘నో ప్రోటోకాల్ హ్యాండ్లర్ వాజ్ వ్యాలిడ్’ అని ఉంటుంది. ప్రాక్సీ_హెచ్‌టీటీపీ మాడ్యూలు కూడా కావాలని దాని భావం. మిల్లు వాళ్ల సర్వర్ రెడ్‌హ్యాట్ కుటుంబానిది. అక్కడ రెండు మాడ్యూళ్లూ ఉన్నా ‘పర్మిషన్ డినైడ్’ అనేది. అదే మెషీన్లో కర్ల్ అనే కమాండ్‌తో నేరుగా అడిగితే తూకాల ప్రోగ్రాము చక్కగా జవాబిస్తోంది. అడ్డుపడుతున్నది సెలైనక్స్, ఏ ప్రోగ్రాము ఏం చేయొచ్చో నిర్ణయించే లినక్స్ కాపలా. ‘హెచ్‌టీటీపీడీ_క్యాన్_నెట్‌వర్క్_కనెక్ట్’ అన్న స్విచ్ అక్కడ మామూలుగా మూసే ఉంటుంది, సెట్‌సెబూల్‌తో తెరవాలి. సెలైనక్స్‌నే మొత్తం ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్క కిటికీ తీయడానికి అంత పని అక్కర్లేదు.

ఇక నోరు మెదపని తప్పులు. వీటి కోసమే ఇంత రాస్తున్నాను.

మొదటిది ఆలోఓవర్‌రైడ్. 2.4లో దీని మామూలు విలువ ‘నన్’. అంటే ఆ ఫోల్డర్ వరకే వర్తించే సెట్టింగులు రాసుకునే హెచ్‌టీయాక్సెస్ ఫైలును అపాచీ అసలు తెరవదు. తెరవనప్పుడు తప్పు ఎందుకు చెబుతుంది? వర్డ్‌ప్రెస్ హోమ్ పేజీ వస్తుంది, లోపలి పేజీలన్నీ 404. ఇట్లాంటప్పుడు నేను చేసేది మోటు పని. హెచ్‌టీయాక్సెస్ మొదటి లైన్లో ఏదో ఒక పిచ్చి మాట రాస్తాను. సైటు 500 అని పడిపోతే ఫైలును చదువుతోందన్నమాట. పడకపోతే ‘ఆలోఓవర్‌రైడ్ ఆల్’ కావాలి. సరిగ్గా ఇక్కడే ఇంకో సంగతి: కాన్ఫిగ్‌టెస్ట్ హెచ్‌టీయాక్సెస్ ఫైళ్ల జోలికి పోదు. ‘సింటాక్స్ ఓకే’ అన్నది కదా అని మీసం మెలేయకూడదు.

రెండోది, నాకు బొత్తిగా నచ్చనిది, ఇఫ్‌మాడ్యూల్. ‘ఈ మాడ్యూలు ఉంటేనే ఈ లైన్లు చదువు’ అనే షరతు అది. ఇంట్లో మనిషుంటే ఇచ్చిరా అని సామాను ఇచ్చి పంపితే, మనిషి లేడని దాన్ని సందులో పెట్టేసి వచ్చి ఏమీ జరగనట్టు కూర్చునే కుర్రాడి లాంటిది. ఇక్కడ ఒక కాలేజీ అడ్మిషన్ల సైటును ఉబుంటు 20.04 నుంచి 22.04కు మార్చారు. పీహెచ్‌పీ 7.4 పోయి 8.1 వచ్చింది. సైటు లేచింది, లాగిన్ అయింది, అన్నీ బాగున్నాయి. దరఖాస్తులు మొదలైన రోజు పిల్లల సర్టిఫికెట్ స్కాన్లు ఎక్కడం లేదు. అదీ అందరివీ కాదు, కొందరివి ఎక్కుతున్నాయి. ఆఫీసులో ఆయన ‘ఏం సార్, నిన్నటిదాంకా బాగుండె గదా, ఎవురూ ఏమీ ముట్టుకోలే’ అంటాడు. ఆయన మాట నిజమే.

ఎక్కుతున్నవన్నీ 2 ఎంబీ లోపువి. 2 ఎంబీ అన్నది పీహెచ్‌పీలో అప్‌లోడ్ మామూలు పరిమితి. దాన్ని పెంచిన లైను హెచ్‌టీయాక్సెస్‌లో ఉంది, కానీ ‘ఇఫ్‌మాడ్యూల్ మోడ్_పీహెచ్‌పీ7.సి’ అన్న షరతు లోపల. పీహెచ్‌పీ 8తో మాడ్యూలు పేర్లోంచి 7 తీసేశారు, ఇప్పుడది ఉత్త ‘మోడ్_పీహెచ్‌పీ.సి’. షరతు కుదరలేదు, లోపలి లైన్లు పోయాయి, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. ఆ షరతే లేకపోయి ఉంటే పెంచిన పరిమితి అట్లాగే పనిచేసేది, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. రక్షణ కోసం రాసిన షరతే కొంప ముంచింది. అప్పటినుంచి నా చేతిలోకి వచ్చిన ప్రతి కాన్ఫిగ్‌లో ఇఫ్‌మాడ్యూళ్లు వెతికి, తప్పనిసరి మాడ్యూళ్ల చుట్టూ ఉన్నవి తీసేస్తాను. మాడ్యూలు లేకపోతే సర్వర్ లేవకుండా అరవాలి, నాకు కావాల్సింది అదే. సర్వర్లో ఏ మాడ్యూళ్లు ఎక్కి ఉన్నాయో చూడాలంటే ‘అపాచీసీటీఎల్ -ఎం’, ఏ డొమైన్ ఏ ఫైలుకు పోతోందో చూడాలంటే ‘-ఎస్’. రెండోది అందరికీ తెలిసి ఉండాల్సినంతగా తెలియదు. రెండు సైట్లున్న మెషీన్లో ఒకటి అడిగితే ఇంకోటి వస్తోందంటే, పేరు కుదరనప్పుడు ముందు చదివిన వర్చువల్ హోస్ట్‌కే (ఒక్కో సైటుకు విడిగా రాసే సెట్టింగుల భాగం) పోతుందన్న నియమం గుర్తుకు రావాలి.

ఇదే మార్పులో ఇంకా భయంకరమైనది, పీహెచ్‌పీ మాడ్యూలు అసలు ఎక్కకపోవడం. అప్పుడు అపాచీ పీహెచ్‌పీ ఫైలును మామూలు ఫైలుగా చూసి, డేటాబేస్ పాస్‌వర్డుతో సహా బ్రౌజర్‌కు ఇచ్చేయగలదు. వెర్షన్ మార్చే రోజు సైటును బయటకు మూసి, లోపల చూసుకుని, ఆ తర్వాతే తెరవాలి.

మూడోది మన ఎండాకాలం కరెంటు. రీలోడ్ కొట్టినప్పుడు కాన్ఫిగ్‌లో తప్పుంటే అపాచీ కొత్తది ఒప్పుకోదు, పాత కాన్ఫిగ్‌తోనే నడుస్తూ ఉంటుంది. నిజానికి ఇది మంచి గుణం. కానీ సైటు వస్తోంది కదా అని ఆ ఎర్రర్‌ను పట్టించుకోనివాళ్లుంటారు. ఏ మే నెలలోనో యూపీఎస్ కూడా చేతులెత్తేసి మెషీన్ ఆగి లేచినప్పుడు అపాచీ లేవదు. ఎప్పుడో పెట్టిన తప్పు అప్పుడు బయటపడుతుంది. కరెంటు పోయి సర్వర్ పాడైందని మిల్లులో అందరూ నమ్ముతారు. కాన్ఫిగ్‌టెస్ట్ కొడితే లైను నంబరు చెబుతుంది. అందుకే నేను రీస్టార్ట్ కంటే రీలోడే వాడతాను, తప్పున్న కాన్ఫిగ్‌తో రీస్టార్ట్ చేస్తే నడుస్తున్న సైటు కూడా ఆగిపోతుంది కాబట్టి. ఆ రీలోడ్ ఏమన్నదో చదివి మరీ లేస్తాను.

403ల (‘అనుమతి లేదు’ అనే ఎర్రర్ల) గురించి పొడిగా చెబుతాను. ‘క్లయింట్ డినైడ్ బై సర్వర్ కాన్ఫిగరేషన్’ అంటే రిక్వైర్ లైను చూడాలి. ‘సెర్చ్ పర్మిషన్స్ ఆర్ మిస్సింగ్’ అంటే దారిలో ఏదో ఫోల్డర్ మూసి ఉంది. ‘నేమ్‌ఐ -ఎల్’ కొడితే అది ఏ ఫోల్డరో తెలుస్తుంది. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా తెరిచే హోమ్ ఫోల్డర్లు బయటివాళ్లకు మూసే ఉంటాయి, కాబట్టి హోమ్‌లో సైటు పెట్టే పాత అలవాటు ఇప్పుడు చెల్లదు. అందరికీ అన్ని అనుమతులూ తెరిచే 777 ఇచ్చేయమని చెప్పే మహానుభావుల మాట వినొద్దు.

రిజల్ట్స్ రోజున వచ్చే గోల వేరు. ‘సర్వర్ రీచ్డ్ మ్యాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్, పెంచే ఆలోచన చేయండి’ అని లాగ్ సలహా ఇస్తుంది, ఒకేసారి ఎంతమందికి జవాబివ్వాలన్న పరిమితి నిండిపోయిందని దాని అర్థం. ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ కేటాయించే ప్రీఫోర్క్ పద్ధతిలో పీహెచ్‌పీ మాడ్యూలు నడుస్తుంటే ఆ సలహా గుడ్డిగా పాటించకూడదు. ఒక్కో ప్రాసెస్ 50 ఎంబీ తింటుంటే 2 జీబీ మెషీన్లో 150 మందిని ఎక్కించడానికి చోటే లేదు. మెమరీ నిండి అపాచీతోపాటు డేటాబేస్ కూడా పడిపోతుంది. లెక్క వేసి అంకెను తగ్గిస్తే జనం కాసేపు ఆగుతారు కానీ సైటు నిలబడుతుంది. సరైన మందు తక్కువ ప్రాసెస్‌లతో ఎక్కువ కనెక్షన్లు చూసుకునే ఈవెంట్ ఎంపీఎం, పక్కన పీహెచ్‌పీని విడిగా నడిపే పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం. ఫొటోలు, సీఎస్ఎస్ ఫైళ్లు ఇవ్వడానికి ప్రతి ప్రాసెస్‌లో పీహెచ్‌పీని మోయాల్సిన పని పోతుంది. మారేటప్పుడు హెచ్‌టీయాక్సెస్‌లోని పీహెచ్‌పీ_వ్యాల్యూ లైన్లు ‘ఇన్‌వ్యాలిడ్ కమాండ్’ అని సైటును పడగొడతాయి, వాటిని ‘.యూజర్.ఐఎన్ఐ’ ఫైలులోకి మార్చుకోవాలి. 503 వస్తే ఎఫ్‌పీఎం నడుస్తోందా, అపాచీ దానితో మాట్లాడే సాకెట్ ఫైలు పేర్లో వెర్షన్ నంబరు సరిపోయిందా చూడాలి.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇంజన్‌ఎక్స్ తీసుకోవాలా అని అడుగుతారు. సొంత అప్లికేషన్ ఒక్కటే ముందుపెట్టి నడిపేవాళ్లకు అది తేలిక, మెమరీ తక్కువ. దానిలో హెచ్‌టీయాక్సెస్ లేదు, అందుకే ఆ తలనొప్పులూ లేవు. నా కస్టమర్లలో ఎక్కువమంది వర్డ్‌ప్రెస్ సైట్లు, పాత పీహెచ్‌పీ ప్రోగ్రాములు ఉన్నవాళ్లు. వాళ్ల దగ్గర అపాచీని తీయను. కాలేజీ సైటు మాత్రం ఇంకా ప్రీఫోర్క్ మీదే ఉంది. సెమిస్టర్ ఫీజుల గడువు దాటాక ఒక ఆదివారం చూసి ఈవెంట్‌కు మార్చాలి. పరీక్షించడానికి పక్క మెషీన్లో ఇప్పటికే పెట్టాను, అందులో సాకెట్ పేరు ఒక్కటే సరిచేయాల్సి వచ్చింది.