తిరుపతి లాడ్జిలో పెట్టిన వాత, గుడిమల్లంలో పెట్టిన అన్నం

ఒంగోలు నుంచి మా కార్లోనే వెళ్ళాం, నేను, మా ఆవిడ, అమ్మ, ఎనిమిదేళ్ళ బాబు. దర్శనం టికెట్లు ముందే తీసుకున్నాం కాబట్టి కొండ మీద ఏ ఇబ్బందీ లేదు. నేను చెప్పాల్సింది కింద దిగిన లాడ్జి గురించి, ఆ తర్వాత పాత శివాలయం ఉన్న గుడిమల్లం అనే ఊరి గురించి.

లాడ్జి పేరు రాయను. ఆన్‌లైన్‌లో ఏసీ రూం 1,650 కట్టి బుక్ చేశా. రాత్రి పదిన్నరకి వెళ్తే కౌంటర్లో కుర్రాడు రిజిస్టర్ తిరగేసి "ఆ రూం లేదు సార్, డీలక్స్ ఉంది, ఇంకో 900 అవుద్ది" అన్నాడు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పిల్లాడు భుజం మీద నిద్రపోతున్నాడు, తెల్లారుజామునే కొండెక్కాలి, ఆ టైంలో ఎక్కడికని తిరుగుతాం, కట్టేశా. ఏసీ చూస్తే శబ్దం తప్ప చల్లదనం లేదు. గీజర్ పాడైందట, వేడినీళ్ళు బకెట్ 40, నాలుగు బకెట్లు 160. మర్నాడు సాయంత్రం నాలుగింటికి కొండ దిగొచ్చి ఖాళీ చేస్తామంటే, పొద్దున తొమ్మిదికే రోజు అయిపోయింది, ఇంకో రోజు అద్దె కట్టాలన్నారు. బుకింగ్‌లో 24 గంటలని ఉంది, స్క్రీన్‌షాట్ చూపించా, "అది వాళ్ళనే అడుక్కోండి" అన్నాడు. నేను గొంతు పెంచేసరికి అమ్మ "దేవుడి ఊళ్ళో గొడవొద్దురా" అని చెయ్యి పట్టుకుంది. చివరికి 1,200 దగ్గర తెగింది. మొత్తం 3,910, ఒక్క రాత్రికి! ఎందుకు కట్టావని మా ఆవిడ ఆ రాత్రంతా నాతో మాట్లాడలేదు, ఆమె కోపంలో తప్పేం లేదు. మీరు వెళ్తే మాత్రం ముందు శ్రీనివాసం, విష్ణు నివాసం లాంటి టీటీడీ వసతి కోసమే ప్రయత్నించండి, దొరక్కపోతే ప్రైవేటు లాడ్జికి ఫోన్ చేసి చెక్ అవుట్ టైం ఎంతో మెసేజ్ పెట్టించుకోండి. ఆ రాత్రికి రేణిగుంట వైపు 1,400కి రూం దొరికింది, శుభ్రంగా ఉంది.

పొద్దున చంద్రగిరి కోట చూశాం. మేం వెళ్ళినప్పుడు టికెట్ పెద్దవాళ్ళకి 25 తీసుకున్నారు, బాబుకి లేదు. శుక్రవారం మ్యూజియం మూసేస్తారు, చూసుకుని వెళ్ళండి. పెనుకొండ తర్వాత విజయనగర రాజులకి రాజధాని ఇదే, 1639లో మద్రాసు స్థలం ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది కూడా ఈ రాజుల కాలంలోనే. రాజమహల్ మూడంతస్తులు, బయట ఎండ మండిపోతున్నా లోపల గోడకి చెయ్యి ఆనిస్తే చల్లగా తగిలింది.

అక్కడ్నుంచి రేణిగుంట, పాపానాయుడుపేట మీదుగా గుడిమల్లం చేరేసరికి పన్నెండున్నర. బోర్డులు తక్కువ, రెండుసార్లు దారి అడగాల్సి వచ్చింది. పరశురామేశ్వరాలయం బయట నుంచి చిన్నగానే కనిపిస్తుంది, వెనక్కి వెళ్తే గర్భగుడి మీది విమానం ఏనుగు వీపులా గుండ్రంగా తిరిగి ఉంటుంది. గర్భగుడి పల్లంలో ఉంది. లోపల లింగం దాదాపు ఐదడుగులు, చాలామంది క్రీస్తుపూర్వం 2, 1 శతాబ్దాల నాటిదంటారు, కొందరు ఇంకా తర్వాతది అంటారు. పూజారి గారు హారతి వెలుగు పైనుంచి కిందికి తిప్పుతూ చూపించారు. లింగం ముందువైపు శివుడు నిలబడి ఉన్నాడు, కుడిచేత్తో పొట్టేలుని వెనక కాళ్ళు పట్టుకుని వేలాడదీసి, ఎడమ చేతిలో చిన్న చెంబు, భుజం మీద గొడ్డలి, కాళ్ళ కింద ఒక మరుగుజ్జు యక్షుడు. పంచె ఎంత పల్చగా చెక్కారంటే లోపల తొడలు తెలుస్తున్నాయి. రాత్రి నుంచి ముభావంగా ఉన్న మా ఆవిడ "ఇంకొకసారి చూపిస్తారా అండీ" అని అడిగింది. ఆయన విసుక్కోకుండా మళ్ళీ కర్పూరం వెలిగించారు.

బయటికొచ్చేసరికి బాబు ఆకలని ఏడుపు. ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న అవ్వని హోటల్ ఉందా అని అడిగా. "ఈడ హోటళ్ళు యాడుండాయి నాయనా, పాపానాయుడుపేటకి పోవాల. అంతదాకా బిడ్డ ఆకలికి ఉండాల్నా? రాండి లోపలికి" అంది. మేం మొహమాటపడుతుంటే ఆమె కోడలు అప్పటికే చాప పరిచేసింది. రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి (వేరుశనక్కాయల పచ్చడి), ఆకుకూర పప్పు, మజ్జిగ. అవ్వ చెయ్యి తడుపుకుని వేడి సంగటిని ముద్ద చేసి, మధ్యలో బొటనవేలితో గుంట నొక్కి నెయ్యి వేసి బాబు కంచంలో పెట్టింది. "నమలొద్దు, మింగల్ల" అని నేర్పించింది కూడా. ఇంట్లో ఇడ్లీకే మారాం చేసేవాడు ముద్దన్నర తిన్నాడు. ఊరిబిండి రోట్లో కచ్చాపచ్చాగా దంచింది, పలుకులు పంటికి తగులుతున్నాయి, పచ్చిమిరపకాయ ఘాటుకి నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

లేచేటప్పుడు 500 ఇవ్వబోతే అవ్వ నా చెయ్యి వెనక్కి నెట్టేసింది. "అన్నానికి దుడ్లు తీసుకుంటారా ఎవరన్నా?" అంది. అమ్మ కారు దగ్గరికెళ్ళి తిరుచానూరులో తనకని 850 పెట్టి కొనుక్కున్న చీర తెచ్చి, కోడలికి బొట్టు పెట్టి చేతిలో పెట్టింది. అది మాత్రం కాదనలేకపోయారు. బదులుగా ఒక సంచి చెనక్కాయలు డిక్కీలో పెట్టించారు.

గుడిమల్లం వెళ్ళేవాళ్ళు తినడానికి ఏదైనా వెంట తీసుకెళ్ళండి, మాలా అందరి ఇంటి మీద పడకూడదు కదా. మేం తెచ్చిన చెనక్కాయలు నిన్ననే వేయించాం, మా ఇంట్లో రోలు లేదు, ఊరిబిండి కోసం అమ్మ మిక్సీలో వేసింది, మరీ మెత్తగా అయిపోయిందని పొద్దున్నుంచి ఒకటే బాధపడుతోంది.