సాల్ట్ లేక్ సిటీ: రెండు బ్లాకులంటే ఎంత దూరం?

"రెండు బ్లాకులేగా, నడిచిపోదాం పద" అన్నారు మా ఆయన. ఆ మాటకి నా మోకాళ్లు ఆయన్ని ఇంకా క్షమించలేదు. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో ఒక్కో బ్లాకు, అంటే ఒక వీధి నుంచి తర్వాతి వీధి దాకా, 660 అడుగులు, రోడ్డు వెడల్పు 132 అడుగులు. ఎడ్లబండిని ఇబ్బంది లేకుండా వెనక్కి తిప్పుకోవడానికి అంత వెడల్పు పెట్టారని చెబుతారు. కొన్ని చోట్ల రోడ్డు దాటేవాళ్ల కోసం స్తంభానికి చిన్న డబ్బా కట్టి నారింజ రంగు జెండాలు ఉంచారు. జెండా పట్టుకుని దాటి, అవతలి డబ్బాలో పడేయాలి. మా ఆయన స్టేషన్ మాస్టర్‌లా ఊపుకుంటూ దాటారు.

1847లో తమ నాయకుడు బ్రిగమ్ యంగ్ వెంట వచ్చిన మోర్మన్లు, అంటే ఒక క్రైస్తవ శాఖవాళ్లు, కట్టుకున్న ఊరు ఇది. అడ్రసులన్నీ వాళ్ల పెద్ద గుడి (టెంపుల్) ఉన్న టెంపుల్ స్క్వేర్ మూల నుంచే లెక్క. 300 సౌత్ అంటే అక్కడి నుంచి దక్షిణంగా మూడో వీధి. ఒక పూటలో అలవాటైపోతుంది, దారి తప్పమన్నా తప్పలేం.

ఎయిర్‌పోర్టు నుంచి ట్రాక్స్ అనే సిటీ రైల్లో వచ్చాం. సామానుతో కూడా సుఖంగా ఉంది. ఊరి నడిబొడ్డున కొంత మేర టికెట్టే అక్కర్లేదు, ఎక్కి దిగడమే. హోటల్ విషయంలో మాత్రం మోసపోయాం. ఫొటోలో కిటికీ నిండా కొండలున్నాయి. మాకిచ్చిన గది కిటికీ తీస్తే కార్ల పార్కింగ్ గోడ. మా అబ్బాయి ఫోన్లో గట్టిగా అడిగితే రెండో రోజు గది మార్చారు. అప్పుడు ఒక కొండ, అదీ సగం.

టెంపుల్ కట్టడానికి 40 ఏళ్లు పట్టింది, 1853 నుంచి 1893 దాకా. మేం వెళ్లేసరికి మరమ్మతుల్లో ఉంది. భూకంపం వచ్చినా తట్టుకునేలా పునాది కింద పని చేస్తున్నారు. ఆ పని మొదలైన కొద్ది నెలలకే, 2020 మార్చిలో నిజంగానే భూమి కంపించి, శిఖరం మీది దేవదూత చేతిలోని బూర కింద పడిపోయింది!

పక్కనున్న టాబర్నకల్ చూసి ఆ లోటు మర్చిపోయాం. 1867 నాటి హాలు, తాబేలు డిప్పలాంటి కప్పు. ముందు వేదిక మీద గుండుసూది జారవిడిస్తే వెనక వరసలో కూర్చున్న నాకు టిక్కుమని వినిపించింది. మధ్యాహ్నం ఆర్గన్ కచేరీ ఉచితం. ఆ వాద్యానికి 11,623 గొట్టాలున్నాయట. స్తంభాలు పాలరాయివే అనుకుని చెయ్యి వేశాను, చెక్క! దొరికిన కలపకే పాలరాయిలా రంగు వేసుకున్నారు. చూపించే అమ్మాయిలు మిషనరీలు, ఎంతో మర్యాదగా మాట్లాడతారు. చివర్లో "మావాళ్లెవరైనా మీ ఇంటికి వచ్చి మాట్లాడవచ్చా" అని అడుగుతారు. వద్దంటే నవ్వి వదిలేస్తారు.

నా ఓటు మాత్రం ఫ్యామిలీసెర్చ్ లైబ్రరీకే. చనిపోయిన పూర్వీకుల తరఫున కూడా బాప్తిస్మం తీసుకోవచ్చని మోర్మన్ల నమ్మకం. దానికి ముందు వాళ్ల పేర్లు తెలియాలి కదా, అందుకని దేశదేశాల రికార్డులు ఫిల్ము తీసి పెట్టుకున్నారు. ఎవరైనా వెళ్లి ఉచితంగా వెతుక్కోవచ్చు. డెబ్బై ఏళ్ల వాలంటీరు ఒకావిడ మా పక్కన కూర్చుంది. మా మామగారి పేరు చెబితే ఇంటిపేరునే అసలు పేరనుకుని టైపు చేసేసింది. మాకు ఇంటిపేరు ముందొస్తుందని చెబితే, నోట్సులో రాసుకుని మళ్లీ మొదలెట్టింది. మా ఊరి రికార్డులేవీ దొరకలేదు. కానీ హరిద్వార్ పండాల (యాత్రికుల పేర్లు రాసిపెట్టుకునే పురోహితుల) వంశావళి పుస్తకాల ఫిల్ములు అక్కడున్నాయి! మామగారు గంగాయాత్రకి వెళ్లి పండాకి పేర్లు రాయించి వచ్చానని చెప్పేవారు. గొలుసుకట్టు హిందీ రాత మా ఇద్దరికీ అంతుపట్టలేదు. అయినా మా ఆయన గంటన్నర ఆ పేజీలు తిప్పుతూనే ఉన్నారు. నేను లేవమనలేదు.

ఆదివారం సిటీ క్రీక్ మాల్‌కి వెళ్లడం మా తెలివితక్కువ. ఆ రోజు షాపులు మూసేస్తారు. మాల్ మధ్యలో పారే వాగు చూసుకుని తిరిగొచ్చాం. మోర్మన్లు కాఫీ, టీ తాగరు కాబట్టి దొరకవేమోనని ఇన్‌స్టంట్ కాఫీ పొడి మోసుకెళ్లాను, అడుగడుగునా కాఫీ షాపులే. ఫ్యూనరల్ పొటాటోస్ అని ఇక్కడి బంగాళాదుంప వంటకం ఒకటుంది, చావింటి భోజనాల్లో పెట్టేదట. శాకాహారులు అడిగి తినండి, చాలామంది చికెన్ సూప్ పోసి చేస్తారు.

ఉప్పు సరస్సు చూడ్డానికి యాంటిలోప్ ఐలండ్‌కి కారు అద్దెకి తీసుకున్నాం. అడవిదున్నలు దగ్గరగా కనిపించాయి. సరస్సు ఒడ్డున మాత్రం మురుగు కంపు, కాళ్ల చుట్టూ ఈగలు. ఒక్క పూట చాలు.

టెంపుల్ తెరిచాక, 2027 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఎవరినైనా లోపలికి రానిస్తారట. ఆ తర్వాత మోర్మన్లకే ప్రవేశం. మళ్లీ రావాలని మా ఆయన ఇప్పుడే అబ్బాయికి చెప్పేశారు. హోటల్ ఒక్క బ్లాకు దూరంలో ఉండేట్టు చూడమని నేను చెప్పాను.