వావిలాకా, నీలగిరి తైలమా?

జలుబు చేసి ఆవిరి పట్టాలంటే మా తాడిపత్రి ఇంట్లో ఇదే పంచాయితీ. జేజి వావిలాకు అంటుంది, మా ఆవిడ నీలగిరి తైలం సీసా తీస్తుంది.

ఖర్చు చూస్తే, వావిలి పెన్నా ఒడ్డున, వంకల పక్కన ఊరికే దొరుకుతుంది. సీసా కొనాలి, కానీ చుక్కల లెక్కన వాడతాం కాబట్టి నెలలు వస్తుంది.

శ్రమలో సీసాదే గెలుపు. వావిలికి కొమ్మ విరవాలి, ఆకు దూయాలి, ఘాటు వాసన లేచేదాకా నీళ్లు మరగాలి. గుర్తుపట్టడం సులువే: కాడకు మూడో ఐదో ఆకులు, అడుగున బూడిద తెలుపు, ఊదా పూలు. వినాయక చవితి పత్రిలో సింధువారం అంటే ఇదే.

రిస్క్? గిన్నె ఒలికితే రెండింటితోనూ కాలుతుంది. తైలం మాత్రం చిన్నపిల్లలు మింగితే విషం, ఫిట్స్ కూడా రావచ్చు. సీసా అందని చోటే ఉండాలి.

ఆయాసం, తగ్గని జ్వరం ఉంటే ఈ రెండూ వద్దు, డాక్టరు దగ్గరికే.

ముక్కు బిగుసుకుని నిద్ర పట్టకపోయినా, ప్రయాణంలో ఉన్నా తైలం. కీళ్ల వాపుకు కాపడం, బాలింత స్నానం, ఒళ్లు నొప్పులు అయితే మా వైపు వావిలే. మిగిలిన ఆకును జేజి ఎండబెట్టి జొన్నల డబ్బాలో వేస్తుంది, పురుగు పట్టకుండా.