వీఓఐపీ గేట్‌వే పెట్టించుకుంటున్నారా? పూర్తి డబ్బు ఇచ్చే ముందు ఇది చదవండి

మాది గుంటూరులో చిన్న డయాగ్నస్టిక్ ల్యాబ్. ఆరు నెలల కిందట పాత ఇంటర్‌కామ్ తీసేసి వీఓఐపీ గేట్‌వే, అంటే ఫోన్ కాల్స్‌ను ఇంటర్నెట్ మీదుగా పంపే బాక్సు, పెట్టించాం. రెండు ల్యాండ్‌లైన్లు దాని ఎఫ్ఎక్స్ఓ పోర్టుల్లోకి (ల్యాండ్‌లైన్ వైరు గుచ్చే చోటు), మిగతా కాల్స్ ఇంటర్నెట్ మీద సిప్ ట్రంక్‌లోకి (ఒక కంపెనీ ఇంటర్నెట్ మీదుగా ఇచ్చే ఫోన్ లైన్). అమ్మినాయనే గంటలో అంతా సెట్ చేసి, రెండు కాల్స్ చేసి చూపించి, డబ్బు మొత్తం తీసుకుని వెళ్లిపోయాడు.

పోయిన నెల ఒక సోమవారం పొద్దున్నే బయటికి ఒక్క కాల్ కూడా వెళ్లలేదు. పేషెంట్లకు ఇచ్చిన నంబర్‌కీ కాల్స్ రావడం లేదు. సరిగ్గా అప్పుడే ఒకరి రిపోర్టులో పొటాషియం ప్రమాదకరంగా ఎక్కువ వచ్చింది, వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. మా టెక్నీషియన్ తన సొంత సెల్ నుంచి చేసి చెప్పింది. ఆ పది నిమిషాల టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

నెట్ బాగానే ఉంది. ట్రంక్ కంపెనీకి ఫోన్ చేస్తే, "రాత్రి సర్వర్లు మార్చాం సార్. మీ గేట్‌వేలో మా సర్వర్ పేరు పెట్టారా, ఐపీ నంబర్ పెట్టారా?" అని అడిగారు. చూద్దామంటే అడ్మిన్ పాస్‌వర్డ్ మాకు ఇవ్వలేదు! అమ్మినాయన దానికి విడిగా విజిట్ ఛార్జ్ అడిగాడు. వేరే దారి లేక కట్టాం.

తెరిచి చూస్తే పేరు ఉండాల్సిన చోట ఐపీ నంబర్ (ఇంటర్నెట్‌లో సర్వర్ చిరునామా, అంకెల్లో) ఉంది. వాళ్లు సర్వర్లు మార్చగానే ఆ పాత నంబర్ పనికిరాకుండా పోయింది. పేరు చెబితే ఐపీ నంబర్ వెతికిచ్చే డీఎన్ఎస్ సర్వర్ గడి ఖాళీ. అది నింపకపోతే పేరు పనిచేయదు కదా, అందుకని నేరుగా నంబర్ కొట్టేసి పోయాడన్నమాట. పేరు పెట్టేశాక ఇంకో సంగతి తెలిసింది. పోర్ట్ గడిలో 5060 అని ఉంటే గేట్‌వే ఎస్ఆర్‌వీ రికార్డు (కంపెనీ సర్వర్లు ఏవేవో డీఎన్ఎస్‌లో రాసి ఉంచే జాబితా) వెతకదు. 2002 నాటి ఆర్ఎఫ్‌సీ 3263 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలోనే ఈ నియమం ఉంది. ఎస్ఆర్‌వీ చూడకపోతే కంపెనీ ఒకటి పడిపోతే ఇంకొకటి అని పెట్టిన రెండో సర్వర్ సంగతి మన బాక్సుకు తెలియదు. మా మోడల్‌లో ఆ గడి ఖాళీగా వదలాలి.

అయినా ట్రంక్ పోతే ల్యాండ్‌లైన్ మీదుగా వెళ్లాలి కదా? రూటింగ్‌లో ఆ రెండో దారి ఉంది, కానీ పనికిరాని దారి. ట్రంక్‌కు పది అంకెలు చాలని ముందున్న సున్నాను తీసేసే రూల్ రాశాడు, అదే రూల్ ల్యాండ్‌లైన్‌కీ వర్తించేలా వదిలేశాడు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేయాలంటే ముందు సున్నా ఉండి తీరాలి. ఫోన్లు అమ్మేవాడికి ఇది తెలియకపోవడమేంటి? నాకు కోపం వచ్చింది ఇక్కడే. "అప్పుడు పనిచేసింది కదా సార్" అన్నాడు తప్ప తప్పు ఒప్పుకోలేదు.

దయచేసి మీరు ఇలా మోసపోకండి. అతను మీ ఎదురుగా ఉండగానే ఇంటర్నెట్ కేబుల్ పీకించి, ఒక మొబైల్‌కు డయల్ చేయించండి. అది ల్యాండ్‌లైన్ మీదుగా మోగాలి. కేబుల్ మళ్లీ పెట్టాక ట్రంక్ పేజీ తెరిపించి, సర్వర్ గడిలో పేరు ఉందో అంకెలు ఉన్నాయో మీ కళ్లతో చూడండి. అడ్మిన్ పాస్‌వర్డ్ కాగితం మీద రాయించుకుని, దాంతో మీరే ఒకసారి లాగిన్ అయ్యాకే మిగతా డబ్బు ఇవ్వండి.