గొరిల్లాల కోసం రువాండాకా, ఉగాండాకా?

పర్వత గొరిల్లాలు లోకం మొత్తమ్మీద రెండే అడవుల్లో మిగిలాయి. ఒకటి రువాండా, ఉగాండా, కాంగో సరిహద్దులు కలిసేచోట ఉన్న విరుంగా అగ్నిపర్వతాల వరస. రెండోది దానికి ఉత్తరాన, ఉగాండాలోని బ్విండి. 2015-18 మధ్య చేసిన గణనల్లో రెండూ కలిపి 1,063 తేలాయి. ఏ జూలోనూ ఇవి కనిపించవు, చూడాలంటే అడవికే వెళ్లాలి. కాంగో వైపు ఇప్పుడు యుద్ధం నడుస్తోంది కాబట్టి దాన్ని పక్కన పెట్టేయండి. మిగిలినవాటిలో ముఖ్యమైనవి రువాండాలోని వోల్కనోస్ పార్కు, ఉగాండాలోని బ్విండి.

మొదటి తేడా డబ్బు. గొరిల్లాలను చూడ్డానికి పర్మిట్ కొనాలి. విదేశీయులకు రువాండా పర్మిట్ 2017 నుంచి 1,500 డాలర్లు. ఉగాండాలో 2024 జూలై నుంచి 800. గొరిల్లాల దగ్గర గడిపే సమయం మాత్రం రెండుచోట్లా ఒక గంటే. ఒక్కో గొరిల్లా గుంపు దగ్గరకు ఎనిమిది మంది సందర్శకులే, వయసు 15 నిండాలి. అంటే ఆ 700 డాలర్ల తేడాతో గొరిల్లాలేమీ ఎక్కువ కనిపించవు. ఆ డబ్బుతో మీరు కొనుక్కునేది రోడ్డు ప్రయాణంలో ఆదా అయ్యే రోజులు, మోకాళ్లకు కాస్త సుఖం. ఈ రెండూ మీకు అవసరమా, కాదా అన్నదే అసలు లెక్క.

రోడ్డు సంగతి చూద్దాం. రువాండా రాజధాని కిగాలీలో దిగితే పార్కు పక్కనున్న ముసాంజే ఊరికి మంచి తారురోడ్డు మీద రెండున్నర గంటలు. ఉగాండా విమానాశ్రయం ఎంటెబ్బెలో దిగితే బ్విండికి ఎనిమిది నుంచి పది గంటలు, చివరి భాగం కొండల్లో మట్టిరోడ్డు. బ్విండికి దగ్గరున్న కిహిహికో కిసోరోకో చిన్న విమానంలో వెళ్లొచ్చు గానీ, ఆ టికెట్ కొంటే పర్మిట్‌లో మిగిలింది చాలావరకు అక్కడే కరిగిపోతుంది.

చాలామందికి తట్టని దారి ఇంకొకటుంది: కిగాలీలో దిగి, ఉగాండా పర్మిట్‌తో సియానికా సరిహద్దు దాటి, బ్విండి దక్షిణ కొసకు చేరడం. ఎంటెబ్బె దారిలో సగం సమయం చాలు. రెండు దేశాలకూ కలిపి చెల్లే ఈస్ట్ ఆఫ్రికా టూరిస్ట్ వీసా 100 డాలర్లు, 90 రోజులు. మొదట అడుగుపెట్టే దేశం నుంచే దాన్ని తీసుకోవాలి. సరిహద్దు దాటగానే గడియారం గంట ముందుకు జరుగుతుంది, ఆ గంటను లెక్కలో వేసుకోకపోతే చీకటి పడ్డాక కొండరోడ్డులో ఉంటారు. కిగాలీ కారుకి పక్క దేశంలోనూ చెల్లే కోమెసా యెల్లో కార్డు బీమా ఉందో లేదో బయల్దేరేముందే అడగండి. లేకపోతే సరిహద్దు దగ్గర ఆగిపోతుంది.

ఇక నడక. బ్విండి ఎత్తు 1,160 మీటర్ల నుంచి 2,607 వరకు. ఎత్తు సమస్య కాదు, వాలే సమస్య. లోయలు నిటారుగా దిగుతాయి, కింద జారుడు బురద, పైన తీగలు. కొన్నిచోట్ల కాలు మోపేది నేల మీద కాదు, అల్లుకుపోయిన తీగల చాప మీద. అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లకు దమ్ము సరిపోతుంది గానీ, ఇక్కడ మెట్లుండవు, దిగేటప్పుడే మోకాళ్లు ఏడుస్తాయి. రువాండాలో పార్కు గోడ దాటగానే వెదురు, దాని పైన తెరిపిగా ఉండే అడవి. వాలు తక్కువే గానీ మొదలే 2,400 మీటర్ల పైన కాబట్టి ఆయాసం త్వరగా వస్తుంది. అక్కడ ప్యాంటు మీంచి కూడా కుట్టే నెటిల్ మొక్కలు గుంపులుగా ఉంటాయి. తోటపనికి వాడే మందపాటి గ్లవ్స్, ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపడం తప్పనిసరి. బ్విండిలో ఆ సాక్సుల పని చీమలను ఆపడం.

గుంపు కేటాయింపులో కూడా తేడా ఉంది. రువాండాలో ఉదయం 7 గంటలకు కినిగి ఆఫీసు దగ్గర అందరినీ చేర్చి, వయసూ ఓపికా చూసి ఎవరు ఏ గొరిల్లా కుటుంబం దగ్గరకు వెళ్లాలో చెబుతారు. మోకాళ్ల నొప్పి ఉంటే మొహమాటపడకుండా మీ డ్రైవర్‌తో ముందే చెప్పించండి, దగ్గరి గుంపు ఇస్తారు. బ్విండిలో పర్మిట్ కొనేటప్పుడే సెక్టార్ ఖాయమవుతుంది: బుహోమా, రుహిజా, రుషాగా, న్కురింగో. పొరపాటు జరిగేది ఇక్కడే. రుషాగా పర్మిట్ చేతిలో పెట్టుకుని బుహోమాలో గది తీసుకుంటారు. మ్యాపులో పక్కపక్కనే కనిపిస్తాయి, రోడ్డు మాత్రం అడవి చుట్టూ తిరుగుతుంది, గంటలు పడుతుంది. పొద్దున బ్రీఫింగ్‌కు అందకపోతే పర్మిట్ పోయినట్టే. ముందు పర్మిట్, తర్వాతే గది.

అసలు నడవలేనివాళ్లకు రెండుచోట్లా డోలీ దొరుకుతుంది, శబరిమలలో లాగే. కొన్ని వందల డాలర్లవుతుంది, ముందురోజే చెప్పాలి.

ఫోటోల మీద మనసుంటే రువాండాదే పైచేయి. అక్కడ ఖాళీ జాగాలెక్కువ, వెలుతురు పడుతుంది. బ్విండిలో మధ్యాహ్నం కూడా చెట్లకింద మసకే, ఫ్లాష్ ఎక్కడా వాడనివ్వరు. వెలుతురు ఎక్కువ లాగే 70-200 ఎఫ్ 2.8 లెన్స్ చాలు, పొడవాటి ఎఫ్ 5.6 లెన్స్ చీకట్లో చేతులెత్తేస్తుంది. ఫ్రేమంతా నల్లటి బొచ్చు నిండితే కెమెరా మీటరు దాన్ని బూడిద రంగుకి లాగుతుంది, వెనక ఆకులు తెల్లగా మాడిపోతాయి. ఎక్స్‌పోజర్ మైనస్ ఒకటికి తగ్గిస్తే వెండి వీపు మగగొరిల్లా నుదుటి మీద ముడతలు కూడా వస్తాయి. మాస్కు తప్పనిసరి కాబట్టి ఊపిరి పైకి తన్ని వ్యూఫైండరు మసకబారుతుంది. ముక్కు దగ్గర తీగ గట్టిగా నొక్కుకోండి.

1,500 పెట్టగలవాళ్లు నిర్ణయానికి ముందు ఇంకోటి చూడాలి. రుషాగాలో మనుషులకు ఇంకా అలవాటు పడుతున్న గొరిల్లాలతో నాలుగు గంటల దాకా ఉండనిస్తారు, నలుగురికే, 1,800 డాలర్లు. మా దృష్టిలో రువాండా గంటకు నిజమైన పోటీ ఇదే. అయితే ఆ గొరిల్లాలు ఒకచోట నిలవవు, వాటి వెంట మీరూ కదులుతూనే ఉండాలి. ఓపికుంటే దీన్ని మించింది లేదు. 60 దాటిన తల్లిదండ్రులతో, నాలుగైదు రోజుల సెలవుతో వెళ్లేవాళ్లు మాత్రం రెండో ఆలోచన లేకుండా రువాండాకే వెళ్లండి. మిగతా అందరికీ కిగాలీ మీదుగా రుషాగా మేలు. కంపాలాలోనో నైరోబీలోనో ఉద్యోగం చేస్తున్న మనవాళ్లకు రెసిడెంట్ ధర వేరేగా ఉంటుంది, కార్డు వెంట పెట్టుకుని అడగండి.

కాలం రెండిటికీ ఒకటే: జూన్ నుంచి సెప్టెంబరు మధ్య దాకా, మళ్లీ డిసెంబరు నుంచి ఫిబ్రవరి. మార్చి-మే వానల్లో బ్విండి వద్దు. పోర్టర్‌ని తప్పకుండా పెట్టుకోండి, 15-20 డాలర్లు. మీ బ్యాగు కన్నా మీ చెయ్యి పట్టుకోవడమే అతని అసలు పని, పైగా ఆ డబ్బు నేరుగా అడవి పక్క ఊరికి చేరుతుంది. అడవి వల్ల ఊరికి పూట గడిస్తేనే ఉచ్చులు తగ్గుతాయి. నోట్లు కొత్తవి తీసుకెళ్లండి, పాతవీ చిరిగినవీ తీసుకోరు. ప్లాస్టిక్ సంచుల మీద రువాండాలో 2008 నుంచి నిషేధం ఉంది, విమానాశ్రయంలోనే లాక్కుంటారు. తడవకుండా గుడ్డ సంచులు, డ్రై బ్యాగులు వాడండి.

జలుబు, దగ్గు ఉంటే గేటు దగ్గరే ఆపేస్తారు. మన జలుబు వాటికి ప్రాణాంతకం కావచ్చు, 10 మీటర్ల దూరం నియమం కూడా అందుకే. గొరిల్లా పిల్ల ఆడుకుంటూ మీవైపు వస్తే ముద్దుగా ఉందని నిలబడకండి, వెనక్కి జరగండి. యెల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు పడాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు, కాబట్టి దాన్ని పాస్‌పోర్టుతోనే ఉంచండి, చెకిన్ బ్యాగులో వేయకండి.